మూడు రోజుల పేగు

క్లోఫాజిమిన్ కుష్టు రోగులకు ఇచ్చే మందు. పాతది, చవకైనది, దాని మంచీ చెడూ డాక్టర్లకు బాగా తెలిసినది. 2017లో దాని చుట్టూ ఒక సంబరం మొదలైంది. పసిపిల్లల పేగుల్ని పీల్చి పిప్పి చేసే క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవిని ఈ మందు చంపుతోందని, ల్యాబులో మనిషి కణాల మీద చంపిందని, రోగనిరోధక శక్తి తగ్గించిన ఎలుకల్లోనూ చంపిందని పేరున్న పత్రికలో వ్యాసం అచ్చయింది. ఆ తర్వాత మలావీలో, హెచ్‌ఐవీతో ఉంటూ ఈ పరాన్నజీవి వల్ల విరేచనాలతో కుంగిపోయిన పెద్దవాళ్లకు ఇచ్చి చూశారు. పని చేయలేదు. పైగా, జబ్బు ఉన్నవాళ్ల ఒంట్లోకి ఆ మందు చేరిందే తక్కువ.

ఇలా జరిగినప్పుడల్లా శాస్త్రవేత్తలు ఒక మాట అంటారు: మనిషి శరీరం సంక్లిష్టమైనది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సంక్లిష్టమని 2017కి ముందు తెలియదా? తెలుసు. తెలిసే దాన్ని పక్కన పెట్టారు. చేతికందిన కణాల మీద, చేతికందిన పరాన్నజీవితో పరీక్ష చేసి, దానికి మనిషి జబ్బు అని పేరు పెట్టారు. నా ఆరోపణ అదే. పేగు పరాన్నజీవుల పరిశోధనలో వాడుతున్న మోడళ్లలో చాలా వాటిని ఎంచింది ల్యాబు సౌకర్యం. జబ్బు పడ్డ పిల్ల ఎలా ఉంటుందో చూసి ఎంచినవి తక్కువ. ఆ సౌకర్యం ఖరీదు కడుతున్నది మాత్రం కుళాయి నీళ్లు నమ్మలేని వాడల్లో పుట్టిన పిల్లలు.

మనిషి కణాలు అన్నారు కదా, ఏ మనిషివి? క్రిప్టోస్పోరిడియం మీద మందులు పరీక్షించే ల్యాబుల్లో అత్యధికం వాడేది హెచ్‌సీటీ-8 అనే కణాలు. 1970లలో, 67 ఏళ్ల పురుషుడి పేగు కేన్సర్ గడ్డ నుంచి తీసి పెంచినవి. అదే కాలంలో వేరే పేర్లతో చలామణిలోకి వచ్చిన హెచ్‌సీటీ-15, డీఎల్‌డీ-1, హెచ్‌ఆర్‌టీ-18 కణాలు కూడా అదే వ్యక్తివని తర్వాత డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. నాలుగు పేర్లు, ఒకే పెద్దాయన. నాలుగు వేర్వేరు మోడళ్ల మీద రుజువైందని రాసుకున్నవాళ్లు ఆ రోజు ఏమనుకున్నారో గానీ, పేర్లు మాత్రం మార్చలేదు.

ఈ కణాల్ని ఎందుకు ఎంచుకున్నారు? 1994లో పదకొండు రకాల కణాల్ని వరుసగా పెట్టి, దేనిలో క్రిప్టోస్పోరిడియం ఎక్కువగా పెరుగుతుందో చూశారు. హెచ్‌సీటీ-8లో బాగా పెరిగింది. అంతే అర్హత. పరాన్నజీవికి నచ్చింది కాబట్టి మాకూ నచ్చింది అన్నారు. అది తొమ్మిది నెలల పిల్ల చిన్నపేగులా ప్రవర్తిస్తుందా అన్న ప్రశ్న ఆ పరీక్షలో లేదు. తర్వాత మూడు దశాబ్దాల్లో ఎంతమంది గట్టిగా అడిగారు?

ఈ పరాన్నజీవి చేసే పని ఎంత సూక్ష్మమో తెలిస్తే, దాన్ని ఎంత మోటు పాత్రలో పెట్టి చూస్తున్నామో అర్థమవుతుంది. నీళ్లలో అది ఊసిస్ట్ అనే గట్టి గుల్లలో ఉంటుంది. గుల్ల వ్యాసం దాదాపు 5 మైక్రాన్లు. క్లోరిన్ దాన్ని ఏమీ చేయలేదు. ఈత కొలనుల్లో వేసే మోతాదు క్లోరిన్‌లో పది రోజులకు పైగా బతుకుతుంది. నోట్లోంచి లోపలికి వెళ్లాక ఒంటి వేడికి, పైత్య రసానికి గుల్ల పగిలి నాలుగు చిన్న రూపాలు బయటికి జారతాయి. అవి పేగు కణం పైపొరను పట్టుకుంటాయి. విచిత్రం ఇక్కడే. అవి కణం లోపలికి పూర్తిగా దూరవు, బయటా ఉండిపోవు. కణం తన పొరనే పైకి లాక్కొచ్చి పరాన్నజీవి మీద కప్పుతుంది. ఆ పొర కింద, కణద్రవానికి బయట, పేగు నీటికి అందకుండా, పరాన్నజీవి ఒక గూటిలో కూర్చుని అడుగు భాగం నుంచి కణం సొమ్ము పీలుస్తుంది. దానికి సొంత వంట దాదాపు లేదు. చాలా పదార్థాలు కణం దగ్గరే తీసుకుంటుంది. మలేరియా పరాన్నజీవి దగ్గర ఉండే ఎపికోప్లాస్ట్ అనే కణభాగం కూడా దీనికి లేదు. అందుకే ఎపికోప్లాస్ట్‌ను దెబ్బతీసే మలేరియా మందులకు ఇది లొంగదు.

ఇలాంటి చోట కూర్చున్న జీవిని చంపాలంటే మందు ఎక్కడికి చేరాలి? రక్తంలోంచి పేగు కణంలోకి రావాలా, లేక మింగిన మందు పేగు గొట్టంలోనే నిలిచి పైనుంచి దిగాలా? ఈ ప్రశ్నకు ల్యాబులో కణాలు పెంచే గాజు పళ్లెం జవాబు చెప్పలేదు. పళ్లెంలో మందు కణాల్ని అన్ని వైపులా తడుపుతుంది, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటుంది. రోజుకు పది పన్నెండు సార్లు విరేచనాలు అవుతున్న మనిషిలో మింగిన మందు ఎంతసేపు ఉంటుంది? మలావీలో బయటపడింది ఈ తేడాయే అని నా నమ్మకం.

ఇక కాలం సంగతి. హెచ్‌సీటీ-8లో ఈ పరాన్నజీవి దాదాపు మూడు రోజులు పెరుగుతుంది, తర్వాత కూలిపోతుంది. చాలాకాలం దీన్ని కణాల తప్పో, పోషక ద్రవం తప్పో అనుకుని సరిపెట్టుకున్నారు. 2019లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బోరిస్ స్ట్రీపెన్ బృందం అసలు కారణం చూపించింది. పళ్లెంలో మగ రూపాలూ వస్తాయి, ఆడ రూపాలూ వస్తాయి, వాటి కలయిక మాత్రం జరగదు. కలయిక లేదు కాబట్టి కొత్త ఊసిస్టులు లేవు. ఊసిస్టులు లేవు కాబట్టి ఇన్‌ఫెక్షన్ అక్కడితో ముగుస్తుంది. 2022లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. మూడు విడతలు అలైంగికంగా విభజన చెందాక పరాన్నజీవి నేరుగా మగ ఆడ రూపాల్లోకి మారిపోతుందని బతికున్న జీవిని కెమెరాలో పట్టి చూపించింది. పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా గీస్తూ వచ్చిన జీవితచక్రం బొమ్మలో ఒక దశ అసలు లేనే లేదని దీనితో తేలింది. బొమ్మ తప్పని కనిపెట్టడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? మొత్తం చక్రాన్ని చూడగలిగిన పాత్ర మన దగ్గర లేదు, తయారు చేయాలన్న తొందరా లేదు.

అంటే, రెండు మూడు రోజుల పళ్లెం పరీక్షలో మనం చూస్తున్నది జబ్బులో మొదటి అంకం మాత్రమే. పిల్ల పేగులో వారాల తరబడి జబ్బు సాగడానికి కారణమైన రెండో అంకం, అంటే కలయిక, పలచని గుల్లల ఊసిస్టులు అదే పేగులో మళ్లీ పగిలి మళ్లీ అంటుకోవడం, ఆ పరీక్షకు కనపడదు. ఆ దశను ఆపే మందు ఒకటి ఉంటే, ఈ పరీక్ష దాన్ని పనికిరానిదని చెత్తబుట్టలో పారేస్తుంది. ఇప్పటిదాకా ఎన్ని పారేసిందో లెక్క చెప్పగలవారు ఎవరూ లేరు.

1984లో, ఒక పెద్ద పత్రికలో, మనిషి పిండం ఊపిరితిత్తి కణాల్లో క్రిప్టోస్పోరిడియం పూర్తి జీవితచక్రం నడిచిందని వ్యాసం వచ్చింది. అది నిలకడగా అన్ని ల్యాబుల్లో సాగి ఉంటే మనం ఇవాళ ఈ గోల పెట్టుకునేవాళ్లం కాదు. సాగలేదు. తర్వాత ముప్ఫై ఏళ్ల పాటు పరాన్నజీవిని సజీవంగా ఉంచడానికి ఉన్న ముఖ్యమైన దారి దూడలు. ఊసిస్టుల్ని దూడకు తాగించడం, దాని పేడలోంచి ఏరడం, కొన్ని నెలల్లో అవి చచ్చేలోపు మరో దూడకు తాగించడం. వాటిని గడ్డకట్టించి దాచుకోవడం సాధ్యమని 2018లో గానీ రుజువు కాలేదు. ఈ జీవిలో జన్యువులు మార్చడం మొదటిసారి 2015లో సాధ్యమైంది. అప్పుడు కూడా, జన్యువు మార్చిన రూపాల్ని ఎలుకకు శస్త్రచికిత్స చేసి నేరుగా పేగులోకి ఎక్కించాల్సి వచ్చింది. ఈ పని చేసినవాళ్ల ఓర్పుకు దండం పెడతాను. వాళ్లను ఆ పాట్లకు వదిలేసిన వ్యవస్థకు పెట్టను.

దూడల సంగతి ఇంతటితో వదలను. ప్రపంచంలో ఎక్కువ ల్యాబుల్లో వాడే క్రిప్టోస్పోరిడియం పేరు అయోవా. అమెరికాలోని అయోవాలో ఒక దూడ నుంచి తీసి, 1980ల నుంచి దూడల్లోనే తిప్పుతూ వస్తున్న రకం. సీసాల్లో నింపి అమ్ముతారు. జాతి క్రిప్టోస్పోరిడియం పార్వమ్. ఇది మనుషులకు రాదని కాదు, వస్తుంది. మరి మన పిల్లలకు ఎక్కువగా వస్తున్నది ఏది? వేలూరు వాడల్లో పుట్టిన రోజు నుంచి పిల్లల్ని అనుసరించి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు చేసిన ఏళ్ల తరబడి అధ్యయనాల్లో ఎక్కువగా దొరికింది క్రిప్టోస్పోరిడియం హోమినిస్. మనిషి నుంచి మనిషికి పాకే జాతి. దీన్ని వేరే జాతిగా 2002లో గుర్తించారు. 1993లో మిల్వాకీ నగరంలో కుళాయి నీళ్ల ద్వారా సుమారు 4,03,000 మందిని మంచాన పడేసింది కూడా ఈ మనిషి జాతేనని తర్వాత జన్యు పరీక్షలు చెప్పాయి. ఆ జాతి మామూలు ఎలుకలకు అంటదు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన పందిపిల్లల్లో పెంచాలి. ఖర్చు, శ్రమ. కాబట్టి దూడ జాతి కేన్సర్ కణాల్లో మూడు రోజులు ఎలా పెరుగుతుందో చూసి, పసిపిల్ల పేగులో మనిషి జాతి వారాల పాటు ఏం చేస్తుందో చెబుతున్నాం. ఇది శాస్త్రమా, జాతకమా?

పిల్లల మాట ఎందుకంటే, ఇది పిల్లల జబ్బు కాబట్టి. 2013లో వెలువడిన జెమ్స్ అధ్యయనం ఆఫ్రికా, ఆసియాల్లో ఏడు దేశాల్లో జరిగింది, మన కోల్‌కతాతో సహా. ఐదేళ్ల లోపు పిల్లల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలతో వచ్చిన 9,439 మందిని, ఆరోగ్యంగా ఉన్న 13,129 మందితో పోల్చి చూసింది. ఏడాది లోపు పిల్లల్లో రోటావైరస్ తర్వాత పెద్ద కారణంగా తేలింది క్రిప్టోస్పోరిడియం. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఉన్నవారికి చావు ముప్పు ఎక్కువని కూడా తేలింది. అప్పటిదాకా చాలామంది దృష్టిలో ఇది ఎయిడ్స్ రోగుల జబ్బు, లేదా దూడల జబ్బు. 1907లో ఎర్నెస్ట్ టైజర్ ఎలుక పొట్టలో కనిపెట్టిన జీవి, 1976లో మనిషిలో కనపడిన జీవి, 2013లో గానీ పసిపిల్లల శత్రువుగా లెక్కలోకి రాలేదు. రోటావైరస్‌కు టీకా వచ్చింది, మన దేశంలోనే తయారైంది. దీనికి ఏమొచ్చింది? నైటజాక్సనైడ్ అనే ఒక్క మందు. అమెరికాలో 2002లో పిల్లలకు ఆమోదం పొందింది. జాంబియాలో పోషకాహార లోపం ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, హెచ్‌ఐవీ లేనివారిలో 56 శాతం మందికి విరేచనాలు తగ్గాయి, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 23 శాతం మందికి. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లో ఆ మాత్రం తేడా కూడా లేదు.

ఇప్పుడు ఆర్గనాయిడ్ల, అంటే మూలకణాల నుంచి ల్యాబులో పెంచే బుల్లి అవయవాల, కాలం వచ్చింది, అన్నీ మారిపోయాయి అంటారు. మారినవి ఏమిటో ఒప్పుకుందాం. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ ల్యాబులో తొషిరో సాతో ఎలుక పేగు మూలకణం ఒక్కదాని నుంచి గుంతలు, బొడిపెలతో చిన్న పేగు బుడగను పెంచి చూపించాడు. రెండేళ్లకు మనిషి కణాలతోనూ సాధ్యమైంది. 2018లో అలాంటి మనిషి పేగు బుడగల్లోకి క్రిప్టోస్పోరిడియాన్ని సన్నని సూదితో ఎక్కించారు. బుడగలో పేగు లోపలి వైపు లోపలే ఉంటుంది కాబట్టి సూది తప్పదు. పరాన్నజీవి అక్కడ పూర్తి చక్రం తిరిగింది, కొత్త ఊసిస్టులు పుట్టాయి. 2019లో సెయింట్ లూయిస్‌లో డేవిడ్ సిబ్లీ బృందం పేగు మూలకణాల్ని పొరగా పరిచి, పైభాగాన్ని గాలికి వదిలి పెంచింది. దాంట్లో పరాన్నజీవి మూడు రోజులు కాదు, మూడు వారాల దాకా సాగింది. 2020లో స్విట్జర్లాండ్‌లో మట్టియాస్ లుటోల్ఫ్ బృందం గొట్టం ఆకారంలో, చచ్చిన కణాలు తమంతట తామే కొట్టుకుపోయేలా చిన్న పేగును కట్టి, అందులోనూ ఈ పరాన్నజీవిని వారాల పాటు పెంచింది. ఇవి నిజమైన ముందడుగులు. వీటిని చూసి నాకూ చేతులు చరచాలనిపించింది.

చరిచాక లోపల చూద్దాం. సిబ్లీ బృందం వాడిన మూలకణాలు ఎలుకవి. వాటి కింద పరిచిన తోడు కణాలూ ఎలుకవే. బుడగలు కూర్చునే మాట్రిజెల్ అనే జిగురు ఎలుక గడ్డ నుంచి తీసింది. ఎక్కించిన పరాన్నజీవి ఎక్కువ చోట్ల మళ్లీ ఆ దూడ జాతే. బుడగలో పేగు పైపొర కణాలు తప్ప ఇంకేం లేవు: రక్తనాళాలు లేవు, నరాలు లేవు, కింద కాపలా ఉండే తెల్లకణాలు లేవు. అసలు పేగులో కోటానుకోట్లుగా ఉండే బాక్టీరియా లేవు. ఇదేదో చిన్న లోటు అనుకోవద్దు. అమెరికాలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు వాళ్ల సమ్మతితో ఈ పరాన్నజీవిని తాగించి చేసిన పరిశోధనల్లో, ముందే మలంలో ఇండోల్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్లను జబ్బు పెద్దగా అంటలేదు. ఇండోల్ తయారు చేసేది పేగు బాక్టీరియా. అంటే ఎవరికి జబ్బు వస్తుంది, ఎవరికి రాదు అన్నది కొంతవరకు బాక్టీరియా తేల్చే సంగతి. ఆ బాక్టీరియాను యాంటీబయాటిక్స్‌తో కడిగేసిన పళ్లెంలో మనం జబ్బు గురించి తీర్పులు చెబుతున్నాం.

ఆకలి సంగతి ఇంకా ఘోరం. అరకొర తిండితో, మురికి నీళ్లతో పెరిగిన పిల్ల చిన్నపేగులో చూషకాలు చదునైపోయి ఉంటాయి, పొర కారుతూ ఉంటుంది. ఆ పేగు మీద ఈ పరాన్నజీవి పడితే జబ్బు ముదురుతుంది, జబ్బు ముదిరితే తిన్నది ఒంటపట్టదు, పెరుగుదల కుంటుపడుతుంది. ఇది వేలూరు నుంచి ఢాకా దాకా చూసిన సంగతే. ఆర్గనాయిడ్ పేగుకు మాత్రం గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, పెరుగుదల కారకాలు ఇరవై నాలుగు గంటలూ విందు. మన దేశంలో ఏ బిడ్డ పేగూ ఇంత మేపుడు చూసి ఉండదు.

చివరికి ఆ బుడగ ఎవరి నుంచి వచ్చింది? సాధారణంగా ఏదో సంపన్న దేశపు ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేయించుకున్న రోగి పేగు తునక. జబ్బు పడేది ఇక్కడి పిల్లలు, పళ్లెంలో పేగు అక్కడిది, పరాన్నజీవి ఇంకోచోటి దూడది. ఎక్కడా ఒకరికొకరు తారసపడని ముగ్గురిని ఒక బల్ల మీద కూర్చోబెట్టి సంబంధం కుదిరిందంటే ఎట్లా?

ఈ మాటలు విని జంతు ప్రయోగాల వ్యతిరేకులు సంతోషపడితే పొరపాటు. 2023లో మన కేంద్ర ప్రభుత్వం కొత్త మందుల నియమావళిని సవరించి, జంతువులకు బదులుగా ఆర్గనాయిడ్లు, చిప్ మీద పెంచిన అవయవాలు లాంటివి వాడటానికి దారి తెరిచింది. మంచి అడుగే. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఆవరణలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మనిషి కణ మోడళ్ల కోసం ప్రత్యేక కేంద్రం పెట్టారు. అదీ మంచిదే. కానీ ఈ జబ్బులో నీళ్ల విరేచనాలు ఎలా అవుతాయో, వాటి మధ్య మందు ఎంత నిలుస్తుందో నేటికీ బాగా చెప్పగలిగేది పుట్టిన వారం లోపు దూడే. ల్యాబు ఎలుకకు మామూలుగా విరేచనాలు కూడా కావు. 2017లో నోవార్టిస్ పరిశోధకులు పరాన్నజీవి ఎంజైమ్ ఒకదాన్ని ఆపే కొత్త రసాయనాన్ని ఎలుకల్లోనే ఆపేయకుండా, జబ్బు పడ్డ దూడల్లో పరీక్షించింది అందుకే. నాకు జంతువు పట్ల జాలి ఉంది. పరీక్ష సరిగా జరగకుండా పిల్లలకు చేరిన మందు పట్ల భయం అంతకంటే ఎక్కువ ఉంది. ఒక సౌకర్యాన్ని తీసేసి ఇంకో సౌకర్యాన్ని ఆ గద్దె మీద కూర్చోబెట్టడానికి నేను చేతులెత్తను.

మోడల్ గురించి ఇంత రభస అవసరమా అనేవాళ్లు చరిత్ర చూడాలి. 1913లో మనీలాలో వాకర్, సెల్లార్డ్స్ అనే ఇద్దరు బిలిబిడ్ జైలు ఖైదీలు 20 మందికి అమీబా అనే ఇంకో పేగు పరాన్నజీవిని తినిపించారు. 18 మందికి అంటుకుంది, నలుగురికి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. జైల్లో ఉన్నవాడి ‘సమ్మతి’కి ఎంత విలువో నేను చెప్పనక్కర్లేదు. అప్పట్లో చేతికందిన మోడల్ ఖైదీ. వాళ్ల దగ్గర తెలిసిందేమిటి? ఒకే అమీబా ఒకరిని ముట్టుకోదు, ఇంకొకరిని పేగు చిల్లులు పడేలా చేస్తుంది అని. దీని గుట్టు సగం విప్పడానికి ఎనభై ఏళ్లు పట్టింది. మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే వాటిలో రెండు వేర్వేరు జాతులున్నాయని, జబ్బు తెచ్చేది ఎంటమీబా హిస్టోలిటికా, హానిలేనిది ఎంటమీబా డిస్పార్ అని 1993లో ఖాయం చేశారు.

మన టౌనుల్లో ల్యాబు రిపోర్టు తెచ్చుకున్నవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? ‘ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు ఉన్నాయి’ అని చీటీ మీద రాస్తారు. సిస్టును కళ్లతో చూసి ఏ జాతో తేల్చడం కుదరదని రాయరు. ఆర్‌ఎంపీ డాక్టరు మెట్రోనిడజోల్ రాస్తాడు, వారం పాటు నోరంతా లోహం రుచి. మా ఇంట్లో ఇది ఎన్నిసార్లు జరిగిందో. ల్యాబు పేరు రాయను, అలాంటివి ప్రతి బస్టాండు పక్కనా ఉన్నాయి.

అమీబా పరిశోధకుల మోడల్ సంగతీ అంతే. ప్రపంచమంతా వాడే రకం 1967లో మెక్సికోలో ఒక రోగి నుంచి తీసింది. సీసాలో ఏళ్ల తరబడి పెంచితే దాని పదును తగ్గిపోతుంది. తిరిగి పదును రావడానికి హ్యామ్‌స్టర్ కాలేయంలోకి ఎక్కించి తీస్తారు. అమీబా బతికున్న మనిషి కణాన్ని తునకలు తునకలుగా కొరికి మింగుతుందని 2014లో బయటపెట్టిన గొప్ప ప్రయోగాల్లో కూడా కొరికించింది ముఖ్యంగా రక్త కేన్సర్ కణాల్ని. కనిపెట్టినవారి తెలివిని తక్కువ చేయడం లేదు. పేగు జబ్బుకు పేగు కణం దొరకని పరిస్థితిని చూడమంటున్నాను.

సరైన మోడల్ దొరికితే ఏం జరుగుతుందో మన తెలుగువాడి కథే చెబుతుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయన అమెరికా వెళ్లి లెడర్లీ కంపెనీ పరిశోధనకు అధిపతి అయ్యాడు. ఆయన ఆధ్వర్యంలోనే 1947లో ఫైలేరియా మందు హెట్రజాన్ వచ్చింది. ఆంధ్రాలో, తెలంగాణలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. అది ఎలా దొరికింది? ఆయన బృందంలోని హ్యూయిట్, కాటన్ ర్యాట్ అనే అమెరికా పొలాల ఎలుకల్లో సహజంగా పెరిగే ఫైలేరియా జాతి పురుగును మోడల్‌గా పెట్టుకున్నాడు. పురుగు దానికి సొంతమైన ఒంట్లో, దాని సొంత కాలవ్యవధిలో పెరిగింది. దాని మీద రసాయనాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించారు. ముందు మోడల్, తర్వాత మందు. అప్పుడు కూడా ఎలుకే కదా అంటారేమో. ఎలుకే. కానీ ఆ పురుగుకు ఆ ఎలుకే ఇల్లు. క్రిప్టోస్పోరిడియంలో ఎలుకకు సహజంగా వచ్చే జాతిని, టైజర్ పేరుతోనే పిలిచే దాన్ని, మోడల్‌గా మలచడం 2019లో గానీ సరిగా మొదలు కాలేదు. సుబ్బారావు బృందం చేసిన పని తర్వాత డెబ్బై రెండేళ్లకు!

డబ్బు లేకనా? జెమ్స్ తర్వాత గేట్స్ ఫౌండేషన్ లాంటి వారు డబ్బు పెట్టారు కాబట్టే పైన చెప్పిన పనుల్లో చాలా వరకు జరిగాయి. మరి మనం? ఏటా ఈ జబ్బు పిల్లల్ని ముందు పెట్టుకుని చూస్తున్న డాక్టర్లు వేలూరులో, కోల్‌కతాలో, మన నీలోఫర్ లాంటి ఆసుపత్రుల్లో ఉన్నారు. కణాలు పెంచే చేతులు హైదరాబాద్‌లో ఉన్నాయి. మందులు తయారు చేసే కంపెనీలు జీనోమ్ వ్యాలీ నిండా ఉన్నాయి. ఈ మూడింటినీ ఒక గదిలో కూర్చోబెట్టే పని మాత్రం ఎవరిదీ కాదు. మన పిల్లల మలంలోంచి తీసిన హోమినిస్ రకాల్ని గడ్డకట్టించి భద్రపరిచే పద్ధతి ఇప్పుడు ఉంది. శస్త్రచికిత్సల్లో ఎలాగూ తీసేసే పసిపిల్లల పేగు ముక్కల నుంచి, తల్లిదండ్రుల అనుమతితో, ఆర్గనాయిడ్లు పెంచడం తెలిసిన విద్యే. మన పిల్లల పేగు మీద మన పిల్లల పరాన్నజీవిని, అరకొర పోషక ద్రవంలో, మన పిల్లల బాక్టీరియాతో కలిపి పెంచి చూడటానికి అడ్డేమిటి? దిగుమతి జిగురు ఖరీదు ఒక అడ్డు. అంతకంటే పెద్ద అడ్డు, అయోవా సీసా కొని హెచ్‌సీటీ-8 మీద పోస్తే ఆరు నెలల్లో వ్యాసం అచ్చవుతుంది, ఇది చేయాలంటే ఆరేళ్లు పడుతుంది.

హెచ్‌సీటీ-8ను తగలబెట్టమని నేను అనడం లేదు. వేల రసాయనాల్ని మొదటిసారి జల్లెడ పట్టడానికి అది పనికొస్తుంది. జల్లెడ పట్టాక వంట అయిపోయిందని వడ్డించడమే నేరం. పరిశోధనకు డబ్బిచ్చే ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం వారిని అడుగుతున్నాను: పేగు పరాన్నజీవుల మీద ఇచ్చే ప్రతి గ్రాంటులో రెండు ప్రశ్నలు తప్పనిసరి చేయండి. ఈ పరాన్నజీవి ఏ రోగి నుంచి వచ్చింది? ఈ కణం ఏ వయసు మనిషి, పేగులో ఏ భాగానిది? రెండింటికీ జవాబు దూడ, కేన్సర్ అయితే, ఆ ఫలితాన్ని ‘పిల్లల విరేచనాలకు మందు’ అని పత్రికలకు ఇవ్వనివ్వకండి. పరిశోధక విద్యార్థులారా, మీ గైడు అయోవా సీసా తెప్పించమంటే తెప్పించండి, కానీ వేలూరు పిల్ల జాతి ఎక్కడ దొరుకుతుందని కూడా అడగండి. ఇక చదువరులు: ‘ల్యాబులో మనిషి కణాల మీద విజయం’ అన్న వార్త ఈసారి పేపర్లో కనపడితే, ఏ మనిషివని విలేకరికి ఒక ఉత్తరం రాయండి. ఏడాది నిండని పిల్లలకు ఈ జబ్బుకు ఆమోదం పొందిన మందు ఇప్పటికీ లేదు.